రోము రాజు తిన్న సజ్జ సంకటి

నాకు తెలిసిన సంగతిని కడుపులో దాచుకోవడం చేతకాదు. అది ఒక జబ్బు. బడిలో చరిత్ర చెప్పేవాడికి ఆ జబ్బు ఉన్నా ఫరవాలేదు, పిల్లలకు నాలుగు ముక్కలు ఎక్కువ తెలుస్తాయి. చుట్టాల ఇంటికి పోయినప్పుడు మాత్రం దాన్ని చెప్పులతో పాటు గుమ్మం బయటే విడిచి లోపలికి పోవాలి. నేను విడవలేదు. ఆ పాపానికి 1933లో, శివరాత్రి వచ్చే తమిళ మాసి నెలలో, మా చెల్లెలి మామగారు మూడు రోజులు ఉత్త మంచినీళ్లతో పడుకున్నాడు. ఆయన వయసు డెబ్భై నాలుగు.

నేను విరుదునగరంలో ఒక హైస్కూల్లో వాత్యారును, అంటే బడిపంతులును. పేరు సీనివాసన్. పన్నెండేళ్లుగా ఫరోలు, బాబిలోను రాజులు, అలెగ్జాండరు, కొలంబసు, వాస్కో డ గామా, వీళ్లతోనే నా కాపురం. పక్కింట్లో మిరపకాయల వ్యాపారం చేసే సోలైమలైకి పిల్లలెందరని అడిగితే తడుముకుంటాను. రోము చక్రవర్తుల పేర్లు మాత్రం నిద్రలో లేపి అడిగినా వరసగా చెబుతాను. బడిలో తమిళం, ఇంగ్లీషు. తెలుగు మాత్రం ఇంటికి వచ్చి చొక్కా విప్పాకే.

మా చెల్లెలు పట్టమ్మాళును అంతకు ఏడాది ముందు కోవిల్‌పట్టి నుంచి ఒట్టపిడారం పోయే దారిలో, ఎనిమిది మైళ్ల దూరాన ఉన్న ఒక నల్లరేగడి పల్లెలో ఇచ్చాం. పెళ్లికొడుకు గోవిందరాజ్ నెమ్మదైనవాడు. అతని తండ్రి పెరుమాళ్సామి నాయకర్ ఆ చుట్టుపక్కల నలభై ఇళ్ల పంగాళులకు పెద్ద. పంగాళులంటే ఒకే మూలపురుషుడికి పుట్టిన దాయాదులు. వాళ్ల మూలపురుషుడు ఎర్రప్ప తాత. పదహారు తరాల కింద తెలుగుదేశం నుంచి పిల్లాజెల్లాతో నడిచి వచ్చి, ఈ నల్లమట్టిలో మొదటి నాగలి దింపినవాడు ఆయనేనని వాళ్ల మాట.

ఆ ఇంట్లో సామి పెట్టె ఒకటి ఉంది. వెదురుతో అల్లి, పైన తోలు తొడిగిన పెట్టె. అందులో తుప్పు పట్టిన బాకు, ఒక ఎర్రగుడ్డ ముక్క, ఒక బంగారు కాసు, అంతే. మూడేళ్లకొకసారి శివరాత్రి మరునాడు మధ్యాహ్నం ఆ పెట్టె తెరుస్తారు. అరిటాకు వేసి, ఆకు తలవైపు కాసు పెట్టి, సజ్జ సంకటీ వేటకూరా వడ్డిస్తారు. ఇంటిపెద్ద ఆకు ముందు కూర్చుని 'ఎర్రప్ప తాతా, వచ్చి తిను' అని మూడుసార్లు పిలుస్తాడు. తాత తిన్నాక అదే ఆకులోంచి ఇంటిపెద్ద మొదటి ముద్ద తినాలి. ఆయన తిన్నాకే పెట్టె మూత వేస్తారు. పెట్టె తెరిచి ఉన్నంతసేపు నలభై ఇళ్లలో ఎవరూ చేలో అడుగు పెట్టకూడదు. ఎప్పుడూ గంటలో ముగిసిపోయే తంతు కాబట్టి ఆ కట్టుబాటు ఎవరికీ బరువనిపించలేదు.

కాసు మీద ఒక మగవాడి తల ఉంది. అది ఎర్రప్ప తాత మొగమేనని, ఆయన చేసిన యుద్ధానికి మెచ్చి ఆ కాలపు రాజు ఆయన బొమ్మతో కాసు పోయించి ఇచ్చాడని పంగాళుల నమ్మకం. సాక్ష్యం అడిగితే ముక్కు చూపిస్తారు. కాసు మీది మనిషి ముక్కు చిలక ముక్కులా వంగి ఉంటుంది. పెరుమాళ్సామి మామ ముక్కూ అంతే, గోవిందరాజ్ ముక్కూ అంతే. ఆ నలభై ఇళ్లలో చిన్న ముక్కుతో పిల్లవాడు పుడితే తల్లి వైపు ఒకసారి అదోలా చూస్తారట.

కొత్తకోడలి అన్ననని ఆ ఏడు నన్నూ పిలిచారు. వడ్డనకు ముందు కాసును అందరూ కళ్లకు అద్దుకోవాలి. నా వంతు వచ్చింది. మామ దాన్ని నా అరచేతిలో పెట్టాడు. బొటనవేలి గోరుకంటే కాస్త పెద్దది. తల మీద ఆకుల దండ, చుట్టూ ఇంగ్లీషులా కనిపించే సగం అరిగిన అక్షరాలు. ఆ మొగాన్ని నేను పుస్తకాల్లో వందసార్లు చూశాను.

"తిబేరియస్!" అని అరిచాను. "మామా, ఇది రోము చక్రవర్తి తిబేరియస్! పంతొమ్మిది వందల ఏళ్ల నాటి కాసు ఇది!"

అక్కడితో ఆగినా బాగుండేది. రోము ఓడలు గాలివాటున సముద్రం ఎలా దాటి వచ్చేవో, కొర్కై రేవులో మనవాళ్లు ముత్యాలు ఇచ్చి బంగారం ఎలా పుచ్చుకునేవారో, ఇలాంటి కాసులు ఈ సీమలో నాగటి చాళ్లలో ఎలా బయటపడుతుంటాయో, నిలువుకాళ్ల మీద పది నిమిషాలు చెప్పాను. ఎర్రప్ప తాతకు కూడా చేను దున్నుతుంటే దొరికి ఉంటుందని నా ఊహ కూడా ఒకటి తగిలించాను. నోరా వీపుకు తేకే అని ఊరికే అన్నారా? చెప్పడం అయ్యాక చుట్టూ చూశాను. ఒక్కరూ కదలడం లేదు. వంటింటి గడప దగ్గర నిలబడి మా చెల్లెలు నా వైపు చూసిన చూపు ఈ జన్మలో మరిచిపోను.

మామ కాసును నా చేతిలోంచి మెల్లగా తీసుకుని పెట్టెలో పెట్టాడు. "నేను ఇప్పుడు తినను" అన్నాడు. అంతే. లోపలికి పోయి మంచం మీద పడుకున్నాడు.

పంగాళుల్లో పాలసామి అని ఒకడున్నాడు. మామకు తమ్ముడి కొడుకు, మాట మిరపకాయ. "అయితే ఇన్నేండ్లు మనం వెళ్ళక్కారుడికా మొక్కుతుండాము?" అని నలుగురికీ వినపడేలా అడిగాడు. వెళ్ళక్కారుడంటే తెల్లవాడు. నేను పరీక్షలు దగ్గరికొచ్చాయని వంక పెట్టి, తేలు కుట్టిన దొంగలా సాయంత్రం రైలుకే విరుదునగరం చేరుకున్నాను. ముసలాయన కోపం ఒక పూట ఉంటుంది, రేపటికి సర్దుకుంటుంది అని నాకు నేనే చెప్పుకున్నాను.

నాలుగో రోజు పొద్దున గోవిందరాజ్ మా ఇంటి తలుపు తట్టాడు. గడ్డం మాసి ఉంది. కాఫీ ఇస్తే ముట్టుకోలేదు.

"బావా, మా నాయన కూడు ముట్టి మూడు దినాలాయె. నీళ్లు దప్ప గొంతులోకి ఏమీ పోలేదు. పెట్టె తెరిచినది తెరిచినట్లే ఉండాది. మా అమ్మ పూటపూటకీ కొత్తగా వండి ఆకు ఏస్తుంది, ఆయన సూసి మొగం తిప్పుకుంటాడు. పంగాళులంతా ఇంటి ముందర కూకొని ఉండారు. కోడల్ని తెస్తే వాత్యారు వచ్చె, వాత్యారు వస్తే ఇల్లు పోయె అంటుండారు. నువ్వు ఒకతూరి రా బావా. ఆయనకు ఏమన్నా ఆయెనంటే మీ చెల్లెలు ఆ ఇంట్లో ఎట్ల తల ఎత్తుకొని తిరిగేది, నువ్వే సెప్పు."

చదవేస్తే ఉన్న మతి పోయిందని మా అమ్మ అంటుండేది. అడుసు తొక్కాను, ఇప్పుడు కాలు కడుక్కోవాలి. బడికి సెలవు చీటీ పంపి అతనితో రైలెక్కాను.

సాత్తూరు దాటేలోగా నా ఉపాయం సిద్ధమైంది. ముసలాయనకు పరువు పోయింది. పదహారు తరాల వంశాన్ని నలభై ఇళ్ల ముందు నేను దుమ్ములో కలిపాను. అందుకు మందు ఒకటే, నేను తప్పు చూశానని అందరి ముందూ ఒప్పుకోవడం. పన్నెండేళ్ల వాత్యారు బతుకులో ఒక అబద్ధం ఆడితే నా చరిత్ర ఏమీ మునిగిపోదు. ఆ మాటే గోవిందరాజ్‌తో అన్నాను.

"ఏమన్నా సెప్పు బావా," అన్నాడు కిటికీలోంచి చూస్తూ. "మా నాయన ఒక ముద్ద మింగితే సాలు."

కోవిల్‌పట్టిలో దిగి బండి కట్టించుకున్నాం. దారికి రెండు పక్కలా పత్తి పగిలి చేలు తెల్లగా ఉన్నాయి. మాసి ఎండకు పగిలిన పత్తి చెట్టున ఎన్నాళ్లు నిలుస్తుంది? కొంత అప్పుడే రాలి మట్టిలో పడి ఉంది. ఏరేవాళ్లు ఒక్కరూ లేరు. ఊళ్లోకి పోయేసరికి ఆ ఏరవలసిన వాళ్లంతా మామ ఇంటి ముందు పందిట్లో కూర్చుని ఉన్నారు.

"వాత్యారు వచ్చినాడప్పా," అన్నాడు పాలసామి. "ఈతూరి ఏ ఊరి రాజును పిల్సుకొని వచ్చినాడో అడగండి."

నేను తల వంచుకుని లోపలికి పోయాను. నడవలో నులక మంచం మీద మామ పడుకుని ఉన్నాడు. మూడు రోజులకే మొగం పీక్కుపోయి ముక్కు ఒక్కటే మిగిలింది. మంచం పక్కన ఆయన భార్య బొమ్మక్క అత్త విసనకర్రతో కూర్చుని ఉంది. ఎదురుగా పీట మీద మూత తీసిన సామి పెట్టె, దాని ముందు వడ్డించిన ఆకు. సంకటి పైన పొర కట్టి ఆరిపోయింది. మా చెల్లెలు వంటింటి గడపలోనే ఉంది. నన్ను చూసి పలకరించలేదు. పంగాళులు కూడా నా వెనకే వచ్చి నడవలో నిండిపోయారు.

నేను మంచం దగ్గరికి పోయాను. "మామా, నన్ను మన్నించాలి. ఆ రోజు తొందరపడి కూశాను. ఇంటికి పోయి పుస్తకం తీసి చూస్తే ఆ బొమ్మ వేరే. ఈ కాసు మన తాతదే."

మామ కళ్లు తెరిచాడు. "అట్లనా?"

"అట్లే మామా."

"సరి. ఆ పెట్టె మీద సెయ్యి పెట్టి అదే మాట ఇంకొకతూరి సెప్పు."

నా చెయ్యి పెట్టె దాకా పోయింది. తోలు వేడిగా తగిలింది. గుమ్మంలోంచి ఎండ దాని మీద పడుతోంది. లోపల కాసు మెరుస్తోంది, ఆ ఆకుల దండ, ఆ ముక్కు. చెప్పాలనే చూశాను.

"రోము రాజే మామా," అన్నాను చివరికి. వెనక ఎవరో నిట్టూర్చారు. గోవిందరాజ్ గోడకు జారిగిలబడ్డాడు.

మామకు కోపం రాలేదు. "నాకు తెలుసు. ఆ దినం నువ్వు సెప్పేటప్పుడు నీ కండ్లలో సంతోసం సూసినా. అబద్దం సెప్పేవాడికి అంత సంతోసం రాదు" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. "మామా, కాసు ఎవరిదైతే ఏమి? మీ వంశం మీదే. ఈ నలభై ఇళ్లలో మీ పెద్దరికం ఎక్కడికి పోతుంది? దానికోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటారా?"

ఆయన నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు.

"పెద్దరికమా? పెద్దరికం నాకెందుకురా? కాటికి కాలు సాపినోడిని." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "మూడేండ్లకొక తూరి మేము ఆకు ఏస్తుండాము. నేను ఏసినా, మా నాయన ఏసినాడు, మా తాత ఏసినాడు. ఆ కూడంతా ఈ రాజు తిన్యాడు గదా? అయితే మా ఎర్రప్ప తాత ఎవరి కూడు తిన్యాడు? నా బిడ్డలు నన్ను మరిసిపోయి దారిన పోయేవాడికి ఆకు ఏస్తుండారే అని ఆ వాకిట్లో నిలబడి సూసి ఉంటాడు గదా? పదారు తరాలు, సీనివాసా. పిల్లోళ్లను సంకన ఏసుకొని అంత దూరం నడిసి వచ్చినాయన. ఆయన పస్తుంటే నేను ఎట్ల తినేది?"

ఆయన కళ్ల కొసల నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. బొమ్మక్క అత్త కొంగుతో తుడిచింది.

నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన బాధ పరువు అనుకున్నాను. రైల్లో కూర్చుని దానికి మందు కూడా నూరాను. ఆయన అడుగుతున్నది ఒక ముసలివాడి ఆకలి గురించి, ఆ ముసలివాడు చనిపోయి నాలుగు వందల ఏళ్లయినా సరే. ఈజిప్టు వాళ్లు సమాధుల్లో రొట్టెలూ బాతులూ ఎందుకు పెట్టేవారో ఏటేటా పిల్లలకు చెప్పి, ప్రశ్నలిచ్చి, మార్కులు వేసేవాణ్ణి. ఒక్కనాడు కూడా దాని అర్థం నాకు తెలియలేదు. ఇప్పుడు ఈయనకు ఏమి బదులు చెప్పను? నేను చదివిన చదువు మొత్తం తిరగేసినా ఒక్క ముక్క దొరకలేదు.

"మామా, ఒక మాట సెప్పుదునా?"

అది మా చెల్లెలి గొంతు. గోవిందరాజ్ చేత్తో వద్దని సైగ చేశాడు.

"సెప్పనియ్యిరా," అంది బొమ్మక్క అత్త. "మూడు దినాలుగా ఊరంతా దాన్ని అంటుండారు. అదీ ఒక మాట అననీ."

పట్టమ్మాళ్ కొంగులోంచి ఒక పోస్టుకార్డు తీసింది. చూడగానే గుర్తుపట్టాను. ఆ సాయంత్రం ఇంటికి చేరగానే మనసాగక, నన్ను క్షమించమని నేను గీకి పోస్టు డబ్బాలో వేసిన కార్డు. వేసిన సంగతే నాకు జ్ఞాపకం లేదు.

"నిన్న తబాల్కారుడు తెచ్చి ఇచ్చె మామా. మా అన్న ఏసిన కార్డు. దీని మీద తలకాయ ఉండాదే, ఎవరిది?"

మామ కళ్లు చికిలించి చూశాడు. "ఎవరిది, సీమదొరది. జార్జి రాజుది."

"మరి ఇది ఆ రాజు ఇంటికి గదా పోవాల? నాకెందుకు వచ్చె?"

మామ కార్డు వైపే చూస్తున్నాడు.

"ఆయన తలకాయ ఉంటే ఉండె. పేరు నాది రాసినాడు. పేరు ఎవరిదో వాళ్లకే వచ్చె. నువ్వు ఆకు ముందర కూకొని ఏమని పిలుస్తువు మామా?"

"ఎర్రప్ప తాతా అని."

"మీ నాయన?"

"ఆయనా అంతే."

"రోము రాజా రా, వచ్చి తిను అని ఈ ఇంట్లో ఎవరన్నా ఎప్పుడన్నా పిలిసిరా? పిలవని వాడు ఎట్ల వచ్చి తింటాడు మామా? పేరు పెట్టి మూడుసార్లు పిలిస్తే మన తాత రాకుండా యాడికి పోతాడు?"

మామ చెయ్యి చాపాడు. పట్టమ్మాళ్ కార్డు అందించింది. ఆయనకు చదువు రాదు. రాజు తల మీద బొటనవేలు పెట్టి చూశాడు. తరువాత పక్కన నేను సిరాతో రాసిన అక్షరాల మీదికి ఆ వేలు జరిపాడు.

"ఇదేనా నీ పేరు?"

"అదే మామా."

ఆయన వేలు ఆ అక్షరాల మీదే ఉంది. ఇంతలో పాలసామి గొంతు వినపడింది. ఇక అంతా చెడిందనుకున్నాను.

"పెద్దనాయనా, మావాడు సిలోను కొలుంబు నుంచి కవరు ఏస్తాడే, దాని మీదా రాజు తలకాయే ఉంటాది," అన్నాడు తల గోక్కుంటూ. "అయినా కవరు నాకే వస్తుండాది. ఒకనాడు కూడా తప్పిపోలేదు."

మామ మోచేతి మీద లేచాడు. గోవిందరాజ్ పరిగెత్తి వీపు వెనక చెయ్యి వేశాడు. "అంటే తాత తిన్యాడు," అన్నాడు మామ మెల్లగా, తనతో తానే అనుకున్నట్టు. "పిల్సినప్పుడంతా వచ్చి తిన్యాడు." ఆ మాటతో మొగంలోకి నెత్తురు తిరిగి వచ్చింది. బొమ్మక్క అత్త ఆరిపోయిన ఆకు తీసేసి వంటింట్లోకి పరిగెత్తి, ఆవిర్లు కక్కే సంకటితో కొత్త ఆకు తెచ్చింది. మామను ఇద్దరు పట్టుకుని ఆకు ముందు కూర్చోబెట్టారు. ఆయన మూడుసార్లు పిలిచాడు. గొంతు బొంగురుపోయింది గాని మాట గట్టిగానే వచ్చింది. ఇక తినడమే తరువాయి.

ఆయన చెయ్యి ఆకు దాకా పోయి ఆగింది.

"మరి ఆ రాజు?" అన్నాడు నా వైపు తిరిగి.

"ఏ రాజు మామా?"

"కాసు మీద ఉండేవాడు. తబాలు తెచ్చేవాడికి మనం మజ్జిగన్నా ఇస్తాం గదా. పదారు తరాలు తాతకు మన పిలుపు మోసినాడు, వాడికి మనం ఒక మెతుకు పెట్టలేదే. వాడి ఊళ్లో వాడికి ఆకు ఏసేవాళ్లు ఉండారా?"

అప్పుడు చెప్పాను, తిబేరియస్ కథ. నా జీవితంలో అంత భయపడి, ఒక్కొక్క మాటా తూచి చెప్పిన పాఠం ఇంకొకటి లేదు. మంచివాడేమీ కాదు మామా, చాలామందిని చంపించాడు అని ముందే చెప్పాను.

"రాజు అంటే సంపకుండా ఉంటాడా?" అన్నాడు మామ. "మీదికి సెప్పు."

ప్రాణంగా చూసుకున్న భార్యను విడిపించి ముందటి రాజు తన కూతుర్ని అతనికి కట్టబెట్టిన సంగతి చెప్పాను. ఒకనాడు వీధిలో ఆ మొదటి భార్య కనబడితే, అంతటివాడూ కళ్లనీళ్లతో ఆమె వెనకే నడిచాడని చెప్పాను.

"అయ్యో," అంది బొమ్మక్క అత్త. "మల్ల సూసినాడా ఆ పిల్లను?"

"లేదత్తా. ఆమె మళ్లీ కంటపడకుండా కట్టడి చేశారు."

ఉన్న ఒక్క కొడుకు తనకంటే ముందే పోయాడని చెప్పాను. ఆ చావు వెనక విషం ఉందనీ, అందులో కోడలి పేరు వినపడిందనీ మాత్రం చెప్పలేదు. తెలిసిన సంగతి దాచుకోవడం నాకు అదే మొదలు. చివరి పదేళ్లకు పైగా ఊరికి దూరంగా ఒక దీవిలో ఉన్నాడని, డెబ్భై ఎనిమిదో ఏట పోయాడని, పోయాడని తెలిసి ఊరంతా సంబరం చేసుకుందని, శవాన్ని ఏట్లో పారెయ్యమని అరిచారని చెప్పాను. మిగిలిన మనవడిని తరువాత వచ్చిన రాజు చంపించాడు.

"అంటే వాడికి ఎవరూ లేరు," అన్నాడు మామ.

"ఎవరూ లేరు మామా."

"ఏమే, ఇంకొక ఆకు ఎయ్యి."

పాలసామి కదిలాడు. "పెద్దనాయనా, వాడు మన పంగాళి గాదే."

"పంగాళి గాడు. ఇంటికి వచ్చినవాడు. పక్కన ఎయ్యండి."

రెండో ఆకు పడింది. బొమ్మక్క అత్త సంకటి ముద్ద పెట్టి మధ్యలో గుంట చేసి కూర పోసింది. ఆ మొదటి భార్య కథ విన్నాక అనుకుంటాను, మరో గరిటె ఎక్కువే పోసింది. మామ కాసును పెట్టెలోంచి తీసి ఆ ఆకు తలవైపు పెట్టాడు.

"వాడి పేరు నా నోట పలకదు. నువ్వే పిలువు" అన్నాడు నాతో.

బాసిపట్టు వేసుకుని ఆకు ముందు కూర్చున్నాను. సుద్దముక్కతో నల్లబల్ల మీద ఆ పేరు ఎన్ని వందల సార్లు రాశానో. ఇప్పుడు నలభై ఇళ్లవాళ్ల ముందు అది నోట్లో తడబడింది. "తిబేరియస్ తాతా, వచ్చి తిను" అన్నాను. వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. మామ అటు తిరిగి చూశాడు. మళ్లీ ఎవరూ నవ్వలేదు. రెండోసారి, మూడోసారి నా గొంతు సరిగానే వచ్చింది.

మామ కాసేపు కళ్లు మూసుకుని, తరువాత ఎర్రప్ప తాత ఆకులోంచి చిన్న ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగాడు. పాలసామి స్వయంగా లేచి, కాసును తిరిగి పెట్టెలో పెట్టి మూత వేశాడు. బయట ఎవరో పత్తి ఏరే గోతాలు తెమ్మని కేకలు వేయడం మొదలుపెట్టారు. గోవిందరాజ్ రెండు చేతుల్తో మొగం కప్పుకుని ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు.

"ఏమే, నువ్వూ తిను," అన్నాడు మామ భార్యతో. "మూడు దినాలాయె, నా కోసరం పస్తుంటివి."

"నేనా? నేను ఎనక పక్క పోయి మజ్జిగ తాగి వస్తుంటినే," అంది బొమ్మక్క అత్త. అందరూ నవ్వారు. అత్త మాత్రం నవ్వలేదు. "ముట్టనిది అదే," అంది గడప వైపు చూపించి. "మామ తినేదాకా తిననని కూకునె. నేను సెప్పి సెప్పి సాలించుకుంటి. మూడు దినాలుగా దాన్ని తింటివా అని అడిగినవాడు ఈ నలభై ఇండ్లలో ఒకడు లేడు."

అందరి కళ్లూ గడప వైపు తిరిగాయి. పట్టమ్మాళ్ తలుపు చెక్కకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమె పెదవులు ఎండి తెల్లగా ఉన్నాయని అప్పుడు చూశాను. ఆ కార్డు పట్టుకుని అంత మాట మాట్లాడినప్పుడు ఎంత ఓపిక తెచ్చుకుందో. నేను దాని అన్నను. లోపలికి వచ్చినప్పటి నుంచి నలుగురు చచ్చినవాళ్ల సంగతి మాట్లాడాను, దాన్ని ఒక్క మాట అడగలేదు.

మామ చేతిలోని రెండో ముద్ద ఆకు మీదికి జారింది. "నా ఇంట్లోనేనా?" అన్నాడు. తన ఆకు పక్కన నేలను అరచేత్తో తుడిచాడు. "రా అమ్మా. ఈడ కూకో. ఏమే, ఈడొక ఆకు ఎయ్యి."

మగవాళ్ల మధ్య కూర్చోవడానికి ఆమె సందేహించింది. మామ నేల మీద చెయ్యి తియ్యలేదు. ఆమె వచ్చి, ఒక పక్క ఎర్రప్ప తాత ఆకు, ఇంకో పక్క రోము రాజు ఆకు ఉండగా, తలవంచుకుని మధ్యలో కూర్చుంది. అత్త వేడి సంకటి పెట్టింది. ఆమె తుంచి, ఊది, నోట్లో పెట్టుకుని మింగేదాకా మామ చెయ్యి కదల్లేదు. ఆ తరువాతే ఆయన రెండో ముద్ద తిన్నాడు.